సలాం, రైటర్ సాబ్

చాచా పోయి నలభై రోజులు దాటింది. బస్తీలో ఎవరిని కదిలించినా ఆయన మంచితనమే చెబుతున్నారు. ఎవరింటి కాగితమైనా చదివి పెట్టాడని, ఒక్క రూపాయి ఆశించలేదని, టీ తప్ప ఏమీ ముట్టలేదని. అవన్నీ నిజమే. కానీ నాకు తెలిసిన చాచా పగబట్టిన మనిషి. నలభై ఏళ్లు ఒకే మనిషి మీద, ఒకే ఇంటి ఎదురుగా కూర్చుని, ఒక్క పొద్దు కూడా తప్పకుండా పగబట్టిన మనిషి. ఆ ఇంటిని తర్వాత నేనే కొనుక్కున్నాను. ఆ ఇంట్లోనే కూర్చుని ఇది రాస్తున్నాను.

మాది మూడో బాయి బస్తీ. కొత్తగూడెం నుంచి ఇల్లెందు పోయే దారిలో, అడవికి ఆనుకుని ఉంటుంది. బాయి అంటే ఇక్కడ బొగ్గు గని. మా బాయి మూతబడి చాలా కాలమైంది. అందులో పనిచేయడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఇళ్లు వేసుకున్నవాళ్లు మాత్రం మిగిలిపోయారు. రెండు వరసల పెంకుటిళ్లు, మధ్యలో ఎడ్లబండి పట్టేంత సందు. ఇప్పుడు దూరంగా ఓపెన్‌కాస్టు గనిలో పేలుళ్లు జరిగినప్పుడల్లా మధ్యాహ్నం పూట వంటింట్లో గిన్నెలు కదులుతాయి.

ఇది ఏజెన్సీ ప్రాంతం కాబట్టి ఇళ్లకు రిజిస్ట్రేషన్ ఉండదు. అమ్మినా కొన్నా స్టాంపు కాగితం, నోటరీ ముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు. అంతే ఆధారం. రెండో సాక్షి ఎవరైనా ఫరవాలేదు. మొదటి సాక్షి చాచా కావాలి. ఆయన సంతకం లేని కాగితాన్ని మా బస్తీలో ఎవరూ నమ్మరు.

ఆయన కాగితం చదివే తీరు చూడాల్సిందే. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు. బాయిలో పనిచేసినవాళ్లందరిలాగే మడమల మీద కూర్చోవడం అలవాటు. కానీ ఒక కాలు విరిగి అతుక్కున్నది. అందుకని ఒక కాలు ముడిచి, రెండో కాలు ముందుకు చాపి, కాగితాన్ని మోకాలి మీద పరిచేవాడు. నుదుటి మీద, కణతల మీద నీలం గీతలు. పాత గాయాల్లో బొగ్గుపొడి ఉండిపోయి చర్మం కింద అలా మిగిలిపోతుంది. చూపుడువేలు అక్షరం మీద పెట్టి, పెద్దయ్యాక చదువు నేర్చుకున్నవాళ్లు చదివినట్టు, కూడబలుక్కుంటూ పైకి చదివేవాడు. మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు. ఆ తర్వాత కాగితాన్ని పైకెత్తి వెనక్కి తిప్పి చూసేవాడు. రెండు అంచులూ పట్టుకుని దులిపేవాడు. కింద ఇంకో కాగితం అంటుకుని ఉందేమోనని వేలితో తడిమేవాడు. కొత్తగా వచ్చినవాళ్లకు నవ్వొచ్చేది. బస్తీ వాళ్లు నవ్వేవాళ్లు కాదు.

చివరగా అమ్మేవాళ్ల వైపు తిరిగి, నా ఇల్లు నేనే అమ్ముతున్నానని నోటితో చెప్పమనేవాడు. చెప్పాక ఆ కాలు ఈడ్చుకుంటూ వెళ్లి నాలుగు హద్దులూ నడిచి వచ్చేవాడు. అప్పుడు జేబులోంచి సొంత పెన్ను తీసి సంతకం పెట్టేవాడు. సాసర్లో టీ పోసుకుని తాగి లేచిపోయేవాడు.

ఆయన చదువు నేర్చుకున్నది ముప్పై అయిదేళ్లు దాటాక, వయోజనుల బడిలో. ఎందుకు నేర్చుకున్నాడో నాకు తర్వాత తెలిసింది.

నేను నర్సును. ములకలపల్లి వైపు అడవి ఊళ్లలో చాలా ఏళ్లు చేసి ఈ ఊరికి బదిలీ మీద వచ్చాను. వెంట మా అమ్మ. కిరాయి ఇంటి కోసం బస్తీలో తిరుగుతుంటే ఒక ఇంటికి బోర్డు కనబడింది. తలుపు తట్టాను. తెల్ల చొక్కా, కళ్లద్దాలు, చక్కగా దువ్విన తెల్లజుట్టు ఉన్న పెద్దమనిషి వచ్చాడు. బస్తీలో అందరూ ఆయనను రైటర్ సారు అంటారు. చదువురాని కార్మికులకు ఉత్తరాలు, దరఖాస్తులు రాసిపెట్టి బతికిన మనిషి. మధిర వైపు నుంచి వచ్చినవాడు కావడంతో మాట చాలా మెత్తగా ఉండేది. ఎంతమంది ఉంటారు, ఏం ఉద్యోగం అని అడిగి, ఆదివారం ఎక్కడికి వెళతారని కూడా అడిగాడు. చర్చికి అన్నాను. గది చుట్టాల కోసం అట్టిపెట్టామని, బోర్డు తీయడం మరిచిపోయామని చెప్పి నవ్వుతూ తలుపు వేశాడు. ఆ గది రెండేళ్లు తాళం వేసే ఉంది. చుట్టాలెవరూ రాలేదు.

నేను మెట్లు దిగుతుంటే ఎదురింటి అరుగు మీద నుంచి ఒక ముసలాయన పిలిచాడు. ఆయనే చాచా. నేను చెప్పకముందే సంగతి ఆయనకు అర్థమైంది. తను కూడా కిరాయిదారునేనని, పక్క వాటా ఖాళీగా ఉందని చెప్పి, ఇంటాయనతో ఆ సాయంత్రమే మాట్లాడి ఇప్పించాడు. మా అమ్మ ఆ రాత్రి ప్రార్థనలో ఆయన పేరు కూడా చెప్పింది.

మరునాడు పొద్దున్నే ఆ మాట మొదటిసారి విన్నాను. నమాజు చేసి వచ్చి, చాచా అరుగు మీద కాలు చాపి కూర్చుని ఉన్నాడు. ఎదురింటి తలుపు తెరుచుకుంది. రైటర్ సారు చెంబుతో బయటికి వచ్చాడు.

“సలాం, రైటర్ సాబ్.”

చాచా గొంతులో కోపం లేదు, వెటకారమూ లేదు. రైటర్ సారు విననట్టు తల తిప్పుకుని లోపలికి వెళ్లిపోయాడు. నాకు అది పలకరింపు అనుకోవాలో ఇంకేమనుకోవాలో తెలియలేదు. మరునాడూ అదే. ఆ మరునాడూ అదే. వానొచ్చినా గొడుగు పట్టుకుని కూర్చునేవాడు. జ్వరమొస్తే దుప్పటి కప్పుకుని కూర్చునేవాడు. పొద్దున ఆ ఒక్క మాట అని, ఆయన తల తిప్పుకునేదాకా చూసి, అప్పుడు లేచి టీకి వెళ్లేవాడు. దీన్ని తప్పించుకోవడానికి రైటర్ సారు ఒకప్పుడు వెనక గోడ పగలగొట్టి దొడ్డి తలుపు పెట్టించుకున్నాడట. చాచా వారం రోజులు వెనక సందులో కూర్చున్నాడట. తప్పేట్టు లేదని ఆయన మళ్లీ ముందు తలుపు నుంచే రావడం మొదలుపెట్టాడని బస్తీ వాళ్లు చెప్పారు.

చాచా భార్య చాచీకి షుగరు. నేను చూస్తుండేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం ఆమె బియ్యం ఏరుతుంటే నేను దవాఖానా ఫారం నింపుతున్నాను. పిల్లలెంతమంది అని అడిగాను. ఇద్దరు కొడుకులని చెప్పింది. చాటలో వేళ్లు ఆపి, ముగ్గురని రాసుకొమ్మంది. మూడో బిడ్డ ఏదని అడిగితే అప్పుడు మొత్తం చెప్పింది.

ఎదురిల్లు వాళ్లది. చాచా వయసులో ఉన్నప్పుడు బాయిలో పనికిరాక పడేసిన దుంగలు తెచ్చి, మట్టిగోడలు తనే పెట్టి, సెలవు రోజుల్లో కట్టుకున్న ఇల్లు. తర్వాత బాయిలో పైకప్పు కూలి కాలు విరిగింది. నెలల తరబడి దవాఖానాలో పడి ఉన్నాడు. రైటర్ సారు బత్తాయిలు పట్టుకుని చూడ్డానికి వెళ్లాడు. నష్టపరిహారం దరఖాస్తు రాశానని చెప్పి వేలిముద్రలు వేయించుకున్నాడు. దరఖాస్తు కింద ఇంకో కాగితం ఉంది. అది ఇల్లు అమ్మినట్టు రాసిన కాగితం. చాచా కర్రల మీద తిరిగి వచ్చేసరికి ఆ ఇంట్లో రైటర్ సారు సంసారం ఉంది. పంచాయితీ పెట్టారు. కాగితం ఉంది, ముద్ర ఉంది, సాక్షులు ఉన్నారు. పెద్దమనుషులు కాగితం వైపే మాట్లాడారు.

అంతకన్నా ముందు ఇంకోటి జరిగింది. చాచా ఇంకా దవాఖానాలోనే ఉన్నాడు. చాచీకి తొమ్మిదో నెల. ఇంట్లోంచి వెళ్లగొట్టాక కట్టెల అడితి వెనక రేకుల షెడ్డులో ఉంటోంది. పెద్దవాన పడుతోంది. నొప్పులు మొదలయ్యేట్టున్నాయని తన ఇంటికే వెళ్లి తలుపు తట్టింది. పదిరోజులు, వెనక గది ఒక్కటి చాలు, పురుడు పోసుకుని వెళ్లిపోతానని అడిగింది. రైటర్ సారు తలుపు సగం తెరిచి, కాగితం చూసుకొమ్మని చెప్పి మూసేశాడు. షెడ్డులోనే ఆడపిల్ల పుట్టింది. పందొమ్మిది రోజులు బతికింది.

“మా ఆయనకు కంపెనీ క్వార్టరు వచ్చింది బిడ్డా. నల్లా ఉంది, కరెంటు ఉంది. పోనన్నడు. ఈ ఎదురుంగనే కిరాయికి పట్టిండు. ఆయన పంతానికి నా బతుకంత కిరాయింట్లనే పోయింది” అంది చాచీ. అని మళ్లీ బియ్యం ఏరడం మొదలుపెట్టింది.

ఆ మరునాటి నుంచి పొద్దున సలాం వినబడితే నేను కూడా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడి చూసేదాన్ని.

కొన్నేళ్లకు రైటర్ సారు భార్య పోయింది. ఆయనకు గుండె జబ్బు, చూపు మందగించింది. మధిరలో ఉన్న ఒక్కగానొక్క కూతురు వచ్చి ఉండమని పిలిచింది. ఇల్లు అమ్మకానికి పెట్టాడు. కొనేవాళ్లు వచ్చారు. వచ్చినవాళ్లంతా మొదట చాచా అరుగు దగ్గరికే వచ్చారు. ఆయన తిట్టలేదు, కథ చెప్పలేదు. ఈ ఇంటికి నేను సంతకం పెట్టనని మాత్రం అన్నాడు. వాళ్లు చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. అట్లా రెండేళ్లు గడిచాయి. రైటర్ సారు మధిరకు పోలేకపోయాడు. ఖాళీగా వదిలిపెట్టి పోతే చాచా ఎక్కడ వచ్చి కూర్చుంటాడోనని ఆయన భయం.

అప్పుడే మా కిరాయింటాయన పాత వాటాలు పడగొట్టి డాబా కడతానన్నాడు. ఏడాదిలోగా మేం ఖాళీ చేయాలి. చాచా వాళ్లకు కొడుకు దగ్గర చోటుంది. సందు చివర ఇల్లే. మాకు లేదు. మా అమ్మ మంచం పట్టింది. నా జీతానికి దొరికే ఇల్లు బస్తీలో అదొక్కటే. ఇది నిజమే కానీ సగం నిజం. గది ఇవ్వనన్న మనిషి దగ్గర ఇల్లంతా తీసుకోవాలని నాకు చాలా కాలంగా ఉంది.

ఆ ఇల్లు నేను కొంటాను, సంతకం పెట్టమని చాచాను అడిగాను. 

“రమ్మను. నా అరుగు మీద కూసోని, ఏమేం జేసిండో తన నోటితోని చెప్పమను. అంత చెప్తె పెడత.”

నేనే వెళ్లి ఆ మాట చేరవేశాను. రైటర్ సారు నన్ను బయటికి పొమ్మన్నాడు. మూడు నెలలు పట్టింది. చివరికి కూతురు ఫోన్లో ఏడ్చిందట. ఒక శుక్రవారం, మసీదు నుంచి జనం ఇళ్లకు తిరిగి వచ్చే వేళ, తెల్ల చొక్కా వేసుకుని సందు దాటి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. సందులో పోయేవాళ్లు ఆగిపోయారు. దరఖాస్తు కింద కాగితం పెట్టిన సంగతి తలొంచుకుని చెప్పాడు.  అందరికీ తెలిసిన సంగతే, కానీ ఆయన నోటి నుంచి ఎప్పుడూ వినలేదు.

“ఇంకా?” అన్నాడు చాచా.

“ఇంకేమీ లేదండి.”

“ఉంది. యాద్ జేస్కోని రా.”

రైటర్ సారు లేచి వెళ్లాడు. పదిహేను రోజులకు మళ్లీ వచ్చాడు. ఈసారి ఇంకా ఎక్కువమంది ఆగారు. బాగా ఆలోచించుకున్నానని, గుర్తొచ్చిందని అంటూ ఆయన చెప్పింది చాచా గురించి కాదు. సందు మొదట్లో ఉండే వెల్డింగ్ పనాయన గురించి. ఒకప్పుడు ఆయనకు ఊరి నుంచి వచ్చిన ఉత్తరం చదివిపెట్టమని తెస్తే, అంతకుముందు ఏదో మాటామాటా అనుకున్న కోపంలో, తల్లి చనిపోయిందన్న వాక్యం వదిలేసి మిగతాది చదివాడట. ఆ వెల్డింగ్ ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి. తల్లి దినాలకు పోలేదని అన్నదమ్ములు ఆయనను జీవితమంతా వెలివేశారు. ఆయన అక్కడి నుంచి గోడ పట్టుకుని నెమ్మదిగా ఇంటికి వెళ్లిపోయాడు.

“ఇది నాది గాదు. నాది యాద్ జేస్కోని రా” అన్నాడు చాచా.

మూడోసారి వచ్చినప్పుడు ఇద్దరు అన్నదమ్ముల పంపకాల కాగితంలో హద్దు జరిపి రాసిన సంగతి చెప్పాడు. ఆ ఇద్దరూ పాతికేళ్లుగా మాట్లాడుకోలేదు. అందులో ఒకాయన అప్పటికే పోయాడు. రెండో ఆయన భార్య సందులోనే నిలబడి ఏడ్చింది. చాచా మళ్లీ తల అడ్డంగా ఊపాడు.

ఆ రోజుతో బస్తీ రైటర్ సారుకు మూసుకుపోయింది. హోటల్లో టీ ఇవ్వలేదు. క్షౌరం చేసే ఆయన చోటు లేదన్నాడు. పాలామె రావడం మానేసింది. నలభై ఏళ్లు ఆయన చేతిరాత మీద బతికిన సందులో ఒక్కరూ ఆయన ముఖం చూడలేదు. చాచా మాత్రం పొద్దున్నే సలాం చెబుతూనే ఉన్నాడు.

రైటర్ సారుకు బీపీ చూడమని ఆయన కూతురు నాకు ఫోన్ చేసింది. వెళ్లాను. నా ఉద్యోగం అది. ఆయన మంచం మీద పడుకుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. చొక్కా మాసిపోయింది. పట్టీ చుట్టి గాలి కొడుతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

“సిస్టర్, మీకు తెలుసు. ఆవిడ మీకు చెప్పే ఉంటుంది. నాకు నిజంగా గుర్తు లేదు. చచ్చేలోగా ఒక్క ముక్క చెప్పండి. వెళ్లి ఆయన ముందు చెప్పుకుని వస్తాను.”

అబద్ధం కాదు. ఆయనకు నిజంగానే గుర్తు లేదు. వానలో తలుపు ముందు నిలబడిన నిండు చూలాలు ఆయనకు గుర్తుంచుకోవాల్సిన సంగతిగా ఎన్నడూ అనిపించలేదు. అది అర్థమవగానే నాకు ఒళ్లు మండింది. మీరే గుర్తుచేసుకోవాలి సారూ అని చెప్పి, పట్టీ విప్పి, బీపీ ఎంతుందో కాగితం మీద రాసిచ్చి వచ్చేశాను. మెట్లు దిగుతున్నప్పుడు నాలో కలిగినది జాలి కాదు. అది సంతోషమని రాయడానికి ఇప్పుడు సిగ్గేమీ పడను.

మూడు వారాలకు ఆయన పోయాడు. కూతురు మధిర నుంచి వచ్చి, శవాన్ని అక్కడికే తీసుకుపోయింది. బస్తీలో ఎవరూ భుజం పట్టలేదు. ఆ నెలాఖరుకు ఇల్లు నాకు అమ్మింది. బేరం ఆడే ఓపిక కూడా ఆ అమ్మాయికి లేదు.

చాచా కాగితం రెండుసార్లు చదివాడు. దులిపాడు. తడిమాడు. ఇల్లు నీదేనా, నువ్వే అమ్ముతున్నావా అని మాత్రం ఆమెను అడగలేదు. హద్దులు నడవడానికి లోపలికి అడుగుపెట్టాడు. నలభై ఏళ్ల తర్వాత అదే మొదటిసారి. గోడలు చేత్తో తడుముతూ ఒక్కో గదీ తిరిగాడు. వెనక గదిలో ఎక్కువసేపు ఉన్నాడు. బయటికి వచ్చి సంతకం పెట్టాడు. చాచీని లోపలికి రమ్మన్నాను. ఆమె గుమ్మం దాటలేదు. తలుపు చెక్క మీద చెయ్యి వేసి, తలుపు మారలేదని ఒక్క మాట అని వెళ్లిపోయింది.

ఆ తర్వాత చాచా రోజూ పొద్దున మా వరండాలోకి వచ్చేవాడు. కాలు చాపి కూర్చుని సాసర్లో టీ తాగేవాడు. ఎదురుగా కూల్చేసిన వాటాల మట్టి దిబ్బ తప్ప చూడటానికి ఏమీ లేదు. మాటలు తగ్గిపోయాయి. చదవమని ఎవరైనా కాగితాలు తెచ్చినా, చూపు ఆనడం లేదని పంపేసేవాడు.

ఒకరోజు అడగకుండా ఉండలేకపోయాను. ఆయనకు గుర్తు లేదని నీకు తెలిశాక, ఆ మాట నువ్వే ఎందుకు చెప్పలేదు చాచా అన్నాను.

“నేను చెప్తే మాఫీ అడుగుతడు బిడ్డా. అడిగినంక ఇయ్యకపోతే తప్పు నాదైతది. ఇయ్యబుద్ధి గాలే. గందుకే చెప్పలే.”

సాసరు నోటి దాకా తెచ్చి ఆగాడు.

“నిన్నడిగిండా?”

“అడిగాడు.”

“చెప్పినవా?”

“లేదు.”

ఆయన మెచ్చుకుంటాడని అనుకున్నాను. నలభై ఏళ్ల పగలో నేను కూడా ఒక చెయ్యి వేశానని, అది ఆయనకు తెలియాలని నాకు ఉంది. ఆయన సాసరు నోటి దగ్గర నుంచి దించాడు.

“నా నోటితోని చెప్పొద్దనుకున్న. నువ్వు చెప్తవనుకున్న” అన్నాడు.

మిగిలిన టీ కింద పారబోసి, గోడ పట్టుకుని లేచాడు. కాలు ఈడ్చుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత రెండేళ్లు బతికాడు. మా గడప మళ్లీ ఎక్కలేదు.